మళ్ళీ అదే పంపు!

పిల్లలూ! ఒక చిన్న లెక్కతో మొదలు పెడదాం. హైదరాబాదులో ఒకరు ఒక్క సంవత్సరంలో 8,428 ప్లేట్ల ఇడ్లీలు ఫోను ద్వారా తెప్పించుకున్నారు. అందుకు ఆరు లక్షల రూపాయలు ఖర్చయింది. ఇది కట్టుకథ కాదు. 2023 మార్చి 30న, ప్రపంచ ఇడ్లీ దినం నాడు, స్విగ్గీ కంపెనీ స్వయంగా ప్రకటించిన సంగతి. తమ ఒక్కరికే కాదు, స్నేహితులకూ బంధువులకూ కలిపి, బెంగుళూరు, చెన్నై నగరాలలో ఉన్నప్పుడు తెప్పించినవి కూడా కలిపి ఆ లెక్క. అయినా 8,428ని 365 చేత భాగించి చూడండి. రోజుకు 23 ప్లేట్లు! ప్లేటు ఒక్కింటికి సుమారు 71 రూపాయలు.

మా తొమ్మిదో తరగతిలో ఈ సంగతి చెబితే పిల్లలంతా ఇడ్లీల గురించే మాట్లాడారు. ఒక అమ్మాయి మాత్రం వేరే ప్రశ్న వేసింది: “సార్, రోజూ అదే తినేవాళ్ళు రోజూ అంతా మళ్ళీ నొక్కుతూ కూర్చోవాలా?”

ఈ ప్రశ్న నాకు ఇడ్లీలకన్నా ఎక్కువ నచ్చింది. అక్కర లేదు. తిండి తెప్పించే యాపులలో పాత ఆర్డరు పక్కనే ఒక మీట ఉంటుంది. ‘మళ్ళీ ఆర్డరు చెయ్యి’ అని దాని అర్థం. దాన్ని నొక్కితే నిన్న తెప్పించినదంతా ఇవాళ మళ్ళీ బుట్టలో చేరుతుంది. చూడడానికి వేలెడంత మీట. కానీ దాని వెనుక గణితం ఉన్నది, మనోవిజ్ఞానం ఉన్నది, కొంత న్యాయం, అన్యాయం కూడా ఉన్నవి. ఆ మీట ఎట్లా ఉండాలనే విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. మీలో కొందరు రేపు పెద్దవాళ్ళై ఇటువంటి మీటలు తయారు చేస్తారు కనుక ఇప్పుడే చెబుతున్నాను.

అసలు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మా నెక్కొండలో దీన్ని ‘వాడిక’ అంటారు. పాలు వాడిక, పెరుగు వాడిక, పేపరు వాడిక. పొద్దున్నే పాలాయన సైకిలు గంట కొడతాడు, మీ అమ్మ గిన్నె పట్టుకుని వెళ్తుంది, ఆయన కొలిచి పోసి పోతాడు. “ఎన్ని పాలు?” అని అడగడు. “ఏం పాలు?” అని అంతకన్నా అడగడు. ఒకసారి చెప్పినమాట వద్దనేదాకా నడుస్తుంది. గోడమీద కేలండరులో తేదీ కింద గీత పడుతుంది. పాలు రాని రోజు సున్న. చుట్టాలొచ్చిన రోజు రెండు గీతలు. నెలాఖరుకు గీతలు లెక్కపెట్టి డబ్బు ఇస్తారు. కిరాణా దుకాణంలో కూడా అంతే. నెల మొదట్లో చిట్టీ రాసి ఇచ్చేవాళ్ళు కొందరు. “పోయిన నెల లాగానే కట్టు సేటూ, చింతపండు మాత్రం వద్దు” అని ఒక్క మాట చెప్పి వచ్చేవాళ్ళు కొందరు. ఆ సేటుకు ఉద్దెర ఖాతా పుస్తకం ఉన్నది, అందులో పోయిన నెల చిట్టీ అంతా ఉన్నది.

ఆ ఒక్క మాటలో ఎంత ఉందో గమనించారా? పాత చిట్టీని మొత్తంగా తీసుకోవడం, అందులో ఒక్క వస్తువును తీసివేయడం, మిగతాది కదపకుండా ఉంచడం. కోట్ల రూపాయలు పెట్టి యాపులు తయారు చేసేవారు సాధించాలని చూసేది సరిగ్గా దీన్నే.

వాడిక గురించి గొప్పలే చెబుతున్నాననుకోకండి. అందులో లోపాలూ ఉన్నవి. పాలలో నీళ్ళు కలిస్తే కనిపెట్టడం కష్టం. లాక్టోమీటరు ఉన్నది కదా అంటారు మీరు. నీళ్ళు కలిస్తే సాంద్రత తగ్గుతుంది, నిజమే. కానీ ముందుగా వెన్న తీసివేస్తే సాంద్రత పెరుగుతుంది. వెన్న తీసి, ఆపైన నీళ్ళు కలిపితే లాక్టోమీటరు కూడా మోసపోతుంది. ఆ కథ మరోసారి చెప్పుకుందాం.

ఇప్పుడు గణితం సంగతి. ఒక హోటలు పట్టీలో 256 వంటకాలు ఉన్నవనుకోండి. మీ మనసులో ఒకటి అనుకోండి. ‘అవును, కాదు’ అని మాత్రమే జవాబు చెప్పాలి. నేను ఎన్ని ప్రశ్నలలో దాన్ని పట్టుకోగలను? “మొదటి 128లో ఉన్నదా?” అని అడుగుతాను. తరువాత 64, 32, 16, 8, 4, 2, 1. ఎనిమిది ప్రశ్నలు చాలు. ఎందుకంటే 2ను ఎనిమిదిసార్లు గుణిస్తే 256 వస్తుంది. బ్రిటనుకు చెందిన హిక్ అనే మనోవిజ్ఞాని 1952లో ఒక ప్రయోగం ప్రకటించాడు. మనిషి ముందు దీపాలు పెట్టాడు. ఏ దీపం వెలిగితే దానికి చెందిన మీట నొక్కాలి. దీపాల సంఖ్య పెంచుతూ పోతే మీట నొక్కడానికి పట్టే కాలం కూడా పెరిగింది. అయితే దీపాలు రెట్టింపు అయితే కాలం రెట్టింపు కాలేదు, దాదాపు ఒకే మోతాదున పెరుగుతూ వచ్చింది. అంటే మెదడుకు కూడా ప్రతి రెట్టింపూ ఇంకో ప్రశ్న వంటిదే.

హిక్ ప్రయోగంలో దీపాలన్నీ కళ్ళ ఎదుట ఉన్నవి. యాపులో అట్లా కాదు. వంటకాల పట్టీ వరుసలో ఉండదు, వేలితో పైకి తోస్తూ ఒక్కొక్కటి చదవాలి. అక్కడ కాలం సంఖ్యతో పాటే పెరుగుతుంది. వంటకం దొరికిన తరువాత సగమా, పూర్తా? కారం ఎక్కువా, తక్కువా? ఏ ఇంటికి? డబ్బు ఎట్లా? ఇన్ని ప్రశ్నలు. ‘మళ్ళీ అదే’ అనే మీట వీటన్నిటినీ ఒక్క ప్రశ్నగా మార్చివేస్తుంది: “నిన్నటిదేనా?” ఆకలిగా ఉన్న మనిషికి ఇది చిన్న ఉపకారం కాదు.

ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. చిక్కులు ఇక్కడి నుంచే.

నిన్నటిది అంటే ఏమిటి? మీ మార్కుల రిజిస్టరు తీసుకోండి. పరీక్షనాడు పడిన మార్కు అందులో రాసి ఉంటుంది. తరువాత మీరు ఎంత బాగా చదివినా ఆ గడిలోని అంకె మారదు, మారకూడదు కూడా. పాత ఆర్డరు అటువంటిది. ఆనాటి ధర, ఆనాటి వస్తువు, ఆనాటి దుకాణం. ఇవాళ్టి ధరల పట్టీ వేరే కాగితం. మళ్ళీ ఆర్డరు చేసినప్పుడు యంత్రం ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. పోయిన నెల 40 రూపాయలున్న దోసె ఇవాళ 50 అయిందనుకోండి. 40కే ఇస్తే హోటలుకు నష్టం. చెప్పకుండా 50 తీసుకుంటే మనకు అన్యాయం. నా అభిప్రాయంలో మారిన ప్రతి అంకె మారినట్టు కనబడాలి. పక్కన పాత అంకె కూడా ఉండాలి. “మొత్తం ఇంత” అని కింద ఎక్కడో చిన్న అక్షరాలలో రాసి ఊరుకుంటే చాలదు. సేటు అయితే నోటితో చెబుతాడు: “అమ్మా, కందిపప్పు పది రూపాయలు పెరిగింది, కట్టమంటారా?”

అయిదు వస్తువులలో ఒకటి అయిపోయిందనుకోండి, అప్పుడేం చేయాలి? యంత్రానికి మూడు దారులున్నవి. చెప్పకుండా నాలుగే పంపడం ఒకటి. అసలు ఏమీ కుదరదనడం రెండోది. “ఇడ్లీలున్నవి, చట్నీ లేదు, ఏం చేయమంటారు?” అని అడగడం మూడోది. మా పిల్లలను అడిగితే తరగతి అంతా మూడోదే సరి అన్నది. కానీ అడగడమంటే ఇంకో ప్రశ్న కదా, మరి సౌకర్యం ఏమయింది అని ఒక కుర్రవాడు వాదించాడు. బాగా వాదించాడు. నేను చెప్పిన జవాబు ఇది: మారనిచోట అడగవద్దు, మారినచోట అడగక మానవద్దు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంతో ప్రశ్నలు అన్ని. తేడా లేకపోతే ఒకే ప్రశ్న.

చిరునామా సంగతి కూడా చూడండి. హనుమకొండ హాస్టలులో చదివే అన్నయ్య సెలవులకు హైదరాబాదులో మేనత్త ఇంటికి పోయి, అక్కడ మీట నొక్కితే, బిర్యానీ హనుమకొండ హాస్టలుకు పోరాదు. ఫోనుకు తాను ఎక్కడ ఉన్నదీ ఉపగ్రహాల ద్వారా తెలుస్తుంది. తెలిసి కూడా అడగని యంత్రం తెలివైనది కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. నెక్కొండ స్టేషను కాజీపేట, విజయవాడల మధ్య రైలు దారిలో ఉన్నది. రైలులో పోతూ ఫోను మాట్లాడితే నడుమ నడుమ మాట తెగిపోవడం మీకు తెలుసు. ఆ సమయంలోనే ఒకరు ‘మళ్ళీ అదే’ నొక్కారు. చక్రం తిరుగుతూనే ఉన్నది. ఆర్డరు చేరిందా? చేరలేదా? చేరి, జవాబు మాత్రం దారిలో పోయిందా? ఫోను వైపు నుంచి చూస్తే ఈ మూడూ ఒక్క తీరుగానే కనబడతాయి. మనిషి మళ్ళీ నొక్కుతాడు. రెండు బిర్యానీలు వస్తాయి, రెండుసార్లు డబ్బు పోతుంది.

ఈ చిక్కును విప్పే ఉపాయం మీరు రోజూ చూసేదే. బడిగంటను రెండుసార్లు కొడితే రెండుసార్లు మోగుతుంది. కానీ వరంగల్లులో ఏ పెద్ద ఆస్పత్రిలోనైనా లిఫ్టు మీటను రెండుసార్లు నొక్కి చూడండి. లిఫ్టు ఒక్కసారే వస్తుంది. పదిసార్లు నొక్కినా ఒక్కసారే. గణితంలో కూడా ఇటువంటివి ఉన్నవి. ఏ సంఖ్యనైనా సున్నతో గుణిస్తే సున్న. మళ్ళీ సున్నతో గుణించండి, మళ్ళీ సున్నే. ఒకసారి చేసినా పలుసార్లు చేసినా ఫలితం మారని పనులు ఇవి. ఆర్డరు మీట బడిగంటలా కాక లిఫ్టు మీటలా పనిచేయాలి. అందుకు యాపు ఏం చేస్తుందంటే, మీట నొక్కగానే ఆ ఆర్డరుకు ఒక గుర్తు సంఖ్య పెడుతుంది. జవాబు రాక మళ్ళీ పంపినా అదే సంఖ్యతో పంపుతుంది. అవతలి కంప్యూటరు “ఈ సంఖ్య ఇదివరకే వచ్చింది” అని చూసుకుని రెండోదాన్ని పక్కన పెడుతుంది. బ్యాంకులో టోకెను బిళ్ళ లాంటిదన్నమాట. నిజంగా రెండు బిర్యానీలే కావాలంటే అప్పుడు కొత్త సంఖ్య పుట్టాలి. ఈ రెంటినీ వేరు చేయడంలోనే పనితనం ఉన్నది.

దీన్ని ఒక కంపెనీ వస్తువుగానే తయారు చేసి చూపింది. అమెరికాలోని అమెజాన్ కంపెనీ 2015 మార్చి 31న ‘డాష్ బటన్’ అనే చిన్న ప్లాస్టిక్ మీటను ప్రకటించింది. మర్నాడు ఏప్రిల్ ఒకటి కావడంతో చాలామంది పరాచికమనుకున్నారు! వంటింట్లో గోడకు అంటించుకోవాలి. కాఫీపొడి అయిపోతే కాఫీ మీట నొక్కాలి, సబ్బుపొడికి ఇంకో మీట. ఇంట్లో చంటిపిల్లవాడు ఇరవైసార్లు నొక్కినా, మొదటి పెట్టె ఇంటికి చేరేదాకా రెండో ఆర్డరు పోకుండా ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటును నేను మెచ్చుకుంటాను. కానీ ఆ మీట మీద ధర కనబడదు. ఇవాళ కాఫీపొడి ఎంత? తెలియదు. 2019 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ న్యాయస్థానం ఇదే మాట అన్నది. ఏ వస్తువు, ఎంత ధర అని చూపకుండా కొనిపించడం వినియోగదారుల చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం అమెజాన్ వాటి అమ్మకం ఆపేసింది. అదే కంపెనీ అంతకుముందు, 1999లో, ఒక్క నొక్కుతో కొనే పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందింది. 2017 వరకు ఆ హక్కు దానిదే. ఒక్కసారి నొక్కడానికి కూడా పేటెంటు ఇస్తారా అని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది.

ఇంతకన్నా ముందుకు పోయినవాళ్ళున్నారు. 2016లో అమెరికాలో డామినోస్ పిజ్జా కంపెనీ ‘సున్న నొక్కుల’ యాపును తెచ్చింది. యాపును తెరవడమే తడవు, పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్క మొదలవుతుంది. పది సెకండ్లలో మీరు ఆపకపోతే మీరు ముందే ఎంచి పెట్టుకున్న పిజ్జా ఆర్డరయిపోతుంది. ఇది నాకు నచ్చలేదు. తరగతిలో “ఎవరికైనా అభ్యంతరముంటే చెయ్యెత్తండి” అని అడిగి, ఒక్క క్షణం ఆగి, “అందరూ ఒప్పుకున్నారు” అని రాసుకోవడం వంటిది. ఊరకుండడం ఒప్పుకోవడం కాదు. కొనాలంటే మనిషి ఒక పని చేయాలి, కొనకుండా ఉండడానికి కాదు.

వాడికలో కూడా ఊరకుంటే పాలు వస్తూనే ఉంటాయి కదా అని మీరు నన్ను పట్టుకోవచ్చు. నిజమే. అయితే అక్కడ ఒక మనిషి రోజూ గుమ్మంలోకి వస్తాడు. “రేపటి నుంచి నాలుగు రోజులు ఊళ్ళో ఉండం” అంటే చాలు, అయిపోయింది. కారణం చెప్పనక్కర లేదు, మూడు కాగితాలు నింపనక్కర లేదు. మొదలు పెట్టడానికి ఎన్ని మాటలో మానడానికీ అన్నే మాటలు.

యాపులలో కొన్ని అట్లా లేవు. నెలనెలా డబ్బు కట్టే చందాలో చేరడానికి ఒక్క మీట, బయటపడడానికి నాలుగు గదులు దాటాలి. “ఇంత మంచి అవకాశాన్ని నిజంగా వదులుకుంటారా?” అని సిగ్గుపడేలా అడిగేవీ ఉన్నవి. మనం వేయని వస్తువు బుట్టలోకి దొంగచాటుగా చేరేదీ ఉన్నది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇటువంటి 13 రకాల మాయోపాయాలను పేరుపేరునా పేర్కొని నిషేధించింది. చందా ఉచ్చు అందులో ఒకటి, బుట్టలో దొంగచాటుగా వేయడం ఇంకొకటి, కొననివాణ్ణి సిగ్గుపరచడం మరొకటి. అంతకుముందే, 2021 అక్టోబరు 1 నుంచి, రిజర్వు బ్యాంకు మరో నియమం అమలు చేసింది. కార్డు నుంచి నెలనెలా తనంతట తాను డబ్బు పోయే ఏర్పాటు ఉంటే, పోవడానికి కనీసం 24 గంటల ముందు మనకు కబురు రావాలి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనుకు ఇటువంటి సందేశం వస్తే చదివి వినిపించండి. చాలామంది చూడకుండానే తోసేస్తారు.

ఎనిమిదో తరగతిలో ‘ఘర్షణ’ పాఠం చదివి ఉంటారు. ఘర్షణ మిత్రుడా, శత్రువా అని పరీక్షలో అడుగుతాం. సైకిలు ఇరుసులో ఘర్షణ వద్దు, నూనె వేస్తాం. కానీ బ్రేకు కట్టెకు ఎవరైనా నూనె పూస్తారా? మీట తయారు చేసేవారు తేల్చుకోవలసిందీ ఇదే. వెతకడంలో, రాయడంలో, చిరునామా నింపడంలో ఉన్న ఘర్షణ ఇరుసులోనిది. తీసివేయండి, పుణ్యముంటుంది. డబ్బు పోయేచోట, ధర మారినచోట, ఒంటికి సంబంధించినచోట ఉన్నది బ్రేకులోని ఘర్షణ. అక్కడ నూనె పోస్తే బండి వేగంగానే పోతుంది, ఆగవలసినచోట ఆగదు.

ఒంటికి అని ఎందుకన్నానో చెబుతాను. 300 మిల్లీలీటర్ల కోలా పానీయంలో సుమారు 32 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్ద మనిషికి రోజుకు 2,000 కేలరీల ఆహారమనుకుంటే, ఇట్లా విడిగా చేరే చక్కెర 50 గ్రాములు మించరాదని, 25 లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. బిర్యానీతో పాటు ఒకనాడు సరదాకు తెప్పించిన కోలా, పాత ఆర్డరులో కలిసిపోయి, మళ్ళీ నొక్కినప్పుడల్లా వస్తూ ఉంటుంది. రోజూ అయితే ఏడాదికి 11 కిలోల 680 గ్రాముల చక్కెర! ఒకనాటి సరదాకు, ప్రతినాటి అవసరానికి తేడా ఆ మీటకు తెలియదు. తెలిసేట్టు చేయడం కష్టం కాదు. పాత ఆర్డరు మొత్తాన్ని ఒకే మూటగా కాక, వస్తువు వస్తువుకూ పక్కన గడి పెట్టి, కావలసినదానికే టిక్కు కొట్టనిస్తే సరిపోతుంది. చింతపండు వద్దన్న మీ అమ్మ పద్ధతే.

అయితే మళ్ళీ మళ్ళీ ఒకటే తెప్పించుకోవడం చెడ్డదని నేను అనను. దానిలో ఒక గొప్ప లాభం ఉన్నది, కొనేవారి వైపు నుంచి చూస్తే కనబడదు. ఇడ్లీ పది నిమిషాలలో ఉడుకుతుంది, కానీ పిండి పది నిమిషాలలో తయారు కాదు. మినప్పప్పు నాలుగైదు గంటలు నానాలి. రుబ్బిన పిండి రాత్రంతా పులియాలి. ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా అందులో పెరిగి కార్బన్ డయాక్సైడు వదిలితేనే పిండి పొంగి ఇడ్లీ మెత్తగా వస్తుంది. బాక్టీరియాను తొందర పెట్టే యాపు ఇంకా పుట్టలేదు! అంటే రేపు పొద్దున ఎన్ని ఇడ్లీలు కావాలో ఇవాళ మధ్యాహ్నమే తెలిస్తే హోటలువారు అంతే నానబోస్తారు. మిగిలి పారబోసేది తగ్గుతుంది. పాలు కూడా అంతే. మా పక్క హనుమకొండ జిల్లాలోని ముల్కనూరులో ఆడవాళ్ళే సభ్యులుగా 2000 సంవత్సరంలో ఒక సహకార డెయిరీ మొదలయింది. ‘స్వకృషి’ పాలు మీలో చాలామంది తాగి ఉంటారు. బర్రె పొద్దున పాలిస్తుంది, సాయంత్రం ఇస్తుంది. ఇవాళ వద్దు, ఎల్లుండి ఇవ్వు అంటే వినదు. అటువంటి సరుకుకు రోజూ తప్పకుండా కొనేవారే బలం. కనుక ‘మళ్ళీ అదే’ మీటలో ‘ఇప్పుడే’ ఒక్కటే కాక ‘రేపు పొద్దున’, ‘ప్రతి ఆదివారం’ అనేవి కూడా ఉంటే కొనేవారికీ చేసేవారికీ మేలు.

స్విగ్గీని 2014లో బెంగుళూరులో మొదలుపెట్టిన ముగ్గురిలో మాజేటి శ్రీహర్షది విజయవాడ. వేడి తిండితో పాటు ఈ వాడిక వ్యాపారంలోకి కూడా ఆ కంపెనీ దిగింది. 2018లో ‘సూపర్ డెయిలీ’ అనే పాల సరఫరా సంస్థను కొన్నది. రాత్రి ఫోనులో చెబితే పొద్దున గుమ్మం ముందు పాల పాకెట్లు. 2022 మేలో హైదరాబాదుతో సహా అయిదు నగరాలలో ఆ ఏర్పాటును ఆపేశారు. మనం యాపును వద్దనడమే కాదు, యాపు మనలను వద్దనడం కూడా ఉన్నదన్నమాట. కనుక ఫోనులో వాడిక పెట్టినా మీ వీధి పాలాయన నంబరు పారేయకండి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఈ మీటలన్నీ కళ్ళు బాగున్నవారికి, ఇంగ్లీషు వచ్చినవారికి, సన్నని వేళ్ళున్నవారికి తయారైనట్టుంటాయి. మా ఊళ్ళో కొడుకులు పట్నంలో ఉండి, ఇంట్లో ఒక్కతే ఉండే అవ్వలు చాలామంది. వాళ్ళకు రోజూ కావలసినవి నాలుగే నాలుగు. పాలు, బియ్యం, పప్పు, చాయపత్తి. మళ్ళీ మళ్ళీ అదే కావలసినవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే ముందు వాళ్ళే. 256 వంటకాల పట్టీ వాళ్ళకు అక్కరలేదు. పెద్ద బొమ్మ, పక్కన తెలుగులో పెద్ద అంకె, నొక్కగానే “రెండు పాల పాకెట్లు, ఇంత ధర, పంపమంటావా అవ్వా?” అని అడిగే గొంతు. ఇది చేయడానికి కావలసిన విజ్ఞానమంతా ఇవాళ మన దగ్గర ఉన్నది. చేసే తీరిక మాత్రం ఎవరికీ ఉన్నట్టు లేదు. మీకు ఉంటుందని నా ఆశ.

అందాకా ఒక పని చేయండి. ఒక నెలపాటు మీ ఇంటికి వచ్చే సరుకులన్నీ నోటుబుక్కులో రాయండి. తేదీ, వస్తువు, ఎంత, ధర. వరుసగా రెండు కొనుగోళ్ళ మధ్య ఎన్ని రోజులో లెక్క కట్టి, వస్తువు వస్తువుకూ సగటు తీయండి. నూనె పాకెటు ఏడు రోజులకొకటి వస్తున్నదా, తొమ్మిదికా? రోజులు దాదాపు సమానంగా ఉన్న వస్తువులకు పక్కన ‘వా’ అని రాయండి. అవి వాడికకు పనికి వస్తాయి. ఒకసారి రెండు రోజులు, ఒకసారి ఇరవై రోజులు అయినవాటికి ‘అ’ అని రాయండి. అవి అడిగి తెచ్చుకోవలసినవి. పండగ వచ్చిన వారాన్ని విడిగా లెక్కించండి, లేకపోతే సగటు చెడుతుంది. నెల తరువాత ‘వా’లు ఎన్ని తేలాయో, ‘అ’లు ఎన్ని తేలాయో పత్రికకు కార్డు రాయండి.